గవాక్షి మీద చట్టి

మట్టి మిద్దెకు ఏడాదికొకసారి ఊడిగం చెయ్యక తప్పదు. వానలు పడకముందే పైన మొలిచిన గడ్డి పీకాలి, పాత మట్టి గోకాలి, చౌడు నేల నుంచి బండ్లతో కొత్త చవుడు మట్టి తోలించి పరిచి, తడిపి, దిమ్మిస కొట్టాలి. నీళ్లు ఏ మూలా నిలవకుండా తూము వైపు వాటం చూసుకోవాలి. ఇంత చేస్తే ఆ ఇంట్లో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా కునుకు తీయొచ్చు, చలికాలం ఒక్క కంబళితో గడిచిపోతుంది. చెయ్యకపోతే ఎండకు ఉడకాలి, వానకు తడవాలి. బేరిగై ఊళ్లో ఈ సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అంజినమ్మకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం పుణ్యమా అని పక్కింట్లో ఉన్న తోడికోడలు కదిరమ్మతో ఆమెకు మూడేళ్లుగా మాటల్లేవు.

వాళ్ల మొగుళ్లు, అన్నదమ్ములు నాగేశప్ప, దాసప్ప చాలా ఏళ్ల కిందటే ఏ గొడవా లేకుండా వేరుపడ్డారు. ఉన్న ఇంటికే నడిమిన గోడ పెట్టి చెరిసగం పంచుకున్నారు. ఆడవాళ్ల రాకపోకలకని అంజినమ్మ వంటింట్లోంచి కదిరమ్మ వెనకగదిలోకి ఒక వాకిలి వదిలారు. ఆ వాకిలి గుండా చింతపండు అటు పోయేది, మజ్జిగ ఇటు వచ్చేది. కదిరమ్మ కూతురు నంజమ్మ చిన్నప్పుడు పొద్దస్తమానం అటూ ఇటూ పరిగెత్తేది. ఆడపిల్ల లేని అంజినమ్మ ఆ పిల్లను చంక దించేది కాదు.

మూడేళ్ల కిందట చవుడు వేయించినప్పుడు అంజినమ్మ మిద్దె మీది నీళ్లు కదిరమ్మ వైపు జారి, ఆమె రాగుల మూటలు తడిశాయి. వాటం కావాలనే మార్చారని కదిరమ్మ అంది. తన మిద్దెకు వంక పెడితే అంజినమ్మ ఊరుకుంటుందా? "కావేరిపట్టణం ఏటిగట్టు గుడిసెలో నుంచి వచ్చినదానివి, మిద్దె సంగతి నీకేం తెలుసునే" అనేసింది. కదిరమ్మ పుట్టిల్లు నిజంగానే ఏటి ఒడ్డున పూరిల్లు. నిజం కాబట్టే ఆ మాట మరీ మండింది. ఆ రోజు పొద్దు గూకేదాకా కదిరమ్మ నోరు మూతపడలేదు. మర్నాడు పచ్చి ఇటుకలు తెప్పించి నడిమి వాకిలి మూయించేసింది. మగవాళ్లు మాత్రం పొలం గట్టున ఒకే అగ్గిపుల్లతో చెరొక బీడీ ముట్టించుకుని, ఇంటికి రాగానే ఒకరినొకరు ఎరగనట్టు మొహాలు పెట్టేవాళ్లు.

ఆ వీధిలో మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ప్రతి మిద్దెకూ పైన గుమ్మడికాయ పట్టేంత కంత ఒకటుంటుంది, దాన్నే గవాక్షి అంటారు. లోపలి పొగా వేడీ పైకి పోవాలన్నా, వెలుతురు లోపలికి రావాలన్నా అదే దారి. వానొస్తే దాని మీద పాత చట్టి ఒకటి బోర్లించి, గాలికి దొర్లకుండా రాయి పెడతారు. మబ్బు పట్టిన వేళకు మిద్దె మీద ఎవరుంటే వాళ్లే వరసలో ఉన్న గవాక్షులన్నీ మూసి దిగాలి. అడగడం, చెప్పడం ఉండదు. ఎవరింటిదైనా తెరిచి వదిలేసి దిగారంటే ఆ ఇంటితో పూర్తిగా తెగిపోయినట్టు లెక్క. మూడేళ్లుగా అంజినమ్మ కదిరమ్మ గవాక్షి దాటుకుని వెళ్లి అవతలివాళ్లది మూసేది. కదిరమ్మ కూడా అంతే. వీధి వీధంతా అది చూసి ముసిముసిగా నవ్వుకునేది.

ఊళ్లోకి కరెంటు స్తంభాలు వచ్చిన ఏడాది, కార్తీక మాసం. నంజమ్మ పురిటికి పుట్టింటికి వచ్చి మగబిడ్డను కన్నది. బిడ్డ మొదటి ఏడుపు అంజినమ్మ గోడ ఇవతల నిలబడి విన్నది. పిలుస్తారని ఆ రోజంతా కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఎవరూ పిలవలేదు. సాయంత్రం చీర మడిచి పెట్టేసింది.

ఆ తరువాతి వారంలో ఒకరోజు అన్నదమ్ములిద్దరూ ఎద్దుల బేరానికి కృష్ణగిరి బస్సెక్కారు. మధ్యాహ్నం దాటగానే హోసూరు దిక్కు నుంచి చలిగాలి తిరిగి, ఆకాశం నల్లబడింది. అంజినమ్మ గబగబా నిచ్చెన ఎక్కి, ఆరబెట్టిన చింతపండు ఎత్తుకుని, తన గవాక్షి మూసింది. కదిరమ్మ మిద్దె వైపు చూస్తే ముందుగది పైన గడ్డి జానెడు లేచి ఉంది. ఈ ఏడు చవుడు వేయించలేదన్నమాట. మూతి తిప్పుకుందామనుకుంది కానీ, కింద పచ్చి బాలింత ఉందన్న సంగతి గుర్తొచ్చింది. బిడ్డను వదిలి కదిరమ్మ పైకెట్లా వస్తుంది?

కాళ్లు వాటంతటవే అటు నడిచాయి. ఆ ఇంటి గవాక్షి వెనకగది మీద ఉంది, దాని దగ్గర వంగితే మొహానికి వెచ్చగా తగిలింది. పొగ జాడ మాత్రం లేదు. పొగ లేదంటే పొయ్యి లేదనుకుని, చట్టి బోర్లించి, రాయి పెట్టింది. చుట్టూ ఉన్న సందులో రాత్రి వానకు నానిన మట్టి కూడా మెత్తింది, ఏ పని చేసినా గట్టిగా చెయ్యడం ఆమె అలవాటు. తిరిగి వచ్చేటప్పుడు అవసరం లేకపోయినా మడమలు నొక్కి అడుగులు వేసింది. కిందున్నవాళ్లకు వినపడాలనే వేసింది. నిచ్చెన దిగుతుంటే ఆమెకు లోపల చాలా సంతోషంగా ఉంది.

వాన దంచి కొట్టింది. కాసేపటికి మంత్రసాని అంగాళమ్మ తల మీద గోనెసంచి కప్పుకుని అంజినమ్మ వాకిట్లోకి వచ్చింది. బిడ్డకు నీళ్లు పొయ్యాలని వచ్చిందట. తలుపు ఎంత తట్టినా కదిరమ్మ తియ్యలేదట. లోపల గడియ వేసి, తల్లీకూతుళ్లు నిద్రపోతున్నట్టుంది, వాన తగ్గేదాకా ఇక్కడ కూర్చుంటానంది. కూర్చుని, అడగకపోయినా ఆ ఇంటి కబుర్లన్నీ చెప్పుకొచ్చింది. ముందుగది కురుస్తోందట. అందుకని పొద్దున్నే బాలింతను వెనకగదిలోకి మార్చారట.

"వెనకగదిలోకా?" అంది అంజినమ్మ.

"అవునమ్మా. దానికి కిటికీ లేదు, సీతుగాలి తగలదు. తలుపు సందులకు కూడా గుడ్డలు కుక్కినాము. నేనే కుంపటి నిండా బొగ్గులు రాజేసి మంచం కింద పెట్టినాను. గవాక్షి తెరిచుంది కదా, సెగ తలకెక్కదులే అనుకున్నాను."

అంజినమ్మ చేతిలోని చాట జారి కింద పడింది. పొగ లేకపోవడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. మొహానికి తగిలిన ఆ వెచ్చదనం ఏమిటో కూడా తెలిసింది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని లేవని వాళ్ల సంగతి ఆ చలి సీమలో ఎవరికి తెలియదు గనక. కింద ముగ్గురున్నారు. వాళ్ల నెత్తిన ఆ చట్టి బోర్లించింది తనే, సందుల్లో మట్టి మెత్తింది కూడా తనే.

వంటింట్లోకి పరిగెత్తి, మూసిన వాకిలి ఇటుకల మీద రెండు అరచేతులతో బాదింది. "కదిరమ్మా" అని పిలిచింది. మూడేళ్లలో ఆ పేరు నోటితో పలకడం అదే మొదటిసారి. జవాబు లేదు. "నంజీ, నేనే, పెద్దమ్మనే" అంది. వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

అయితే ఆ గోడ అవతలి నుంచి జవాబు రాకపోవడం కొత్తా? మూడేళ్లుగా అక్కడి నుంచి వచ్చింది ఇదే. దగ్గినా, తుమ్మినా, పండగనాడు గుమ్మంలో ఎదురుపడినా ఇదే. ఇప్పుడు కూడా కదిరమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని, మొహం ముడుచుకుని, వినీ విననట్టు కూర్చుని ఉంటే? అంగాళమ్మ వెనక నుంచి, కళ్లు మూతపడి ఉంటాయిలే, తొందరపడకమ్మా అంటోంది. ఉత్త పుణ్యానికి గోడ పగలగొడితే, కక్షతో బాలింత గదిలోకి జొరబడిందని ఊరు ఊరంతా అంటుంది. పగలగొట్టకపోతే? ఆ నిశ్శబ్దం పంతమో, ప్రాణం పోవడమో తేల్చుకోవడానికి అంజినమ్మకు ఒక్కటే దారి తోచింది.

ఇటుకల సందుకు నోరు ఆనించి గట్టిగా అరిచింది.

"కావేరిపట్టణం ఏటిగట్టు గుడిసెలో నుంచి వచ్చినదానివి, మిద్దె సంగతి నీకేం తెలుసునే?"

అని, ఊపిరి బిగబట్టి విన్నది. తిట్టు, తల్లీ, తిట్టు, ఏడు తరాలనూ కలిపి తిట్టు అని లోపల మొక్కుకుంది. ప్రాణముంటే, ఒంట్లో రవ్వంత తెలివుంటే, ఆ మాటకు కదిరమ్మ ఊరుకునే మనిషి కాదు. చావు మంచం మీద ఉన్నా లేచి కూర్చుని జవాబు చెప్పే మనిషి.

ఏ జవాబూ రాలేదు.

అంజినమ్మ మూలనున్న గడ్డపార అందుకుంది. మొదటి పోటుకు మట్టి రాలింది, ఆ తరువాతి పోట్లకు పచ్చి ఇటుకలు కదిలాయి. వేళ్లు చిట్లి నెత్తురు వస్తున్నా చూసుకోకుండా ఇటుకలు లాగి పారేసింది. మనిషి దూరేంత సందు కాగానే, ఊపిరి పట్టుకుని లోపలికి దూరింది. చీకట్లో మంచం కింద కుంపటి మాత్రం ఎర్రగా కనిపిస్తోంది. గడ్డపార పైకెత్తి, చేతి అంచనాతో గవాక్షి వెతికి ఒక్క పోటు పొడిచింది. చట్టి పగిలి పెంకులూ వాననీళ్లూ కలిసి నెత్తిన పడ్డాయి, వెలుతురు వచ్చింది. ఆ వెలుతురులో ముగ్గురూ కనిపించారు. నంజమ్మ తల మంచం మీంచి కిందికి వేలాడుతోంది. బిడ్డ ఆమె పక్కన కదలకుండా ఉన్నాడు. కదిరమ్మ కుంపటి దగ్గర బోర్లా పడి ఉంది.

ముందు బిడ్డను సందులోంచి అంగాళమ్మకు అందించింది. తరువాత నంజమ్మను చంకల కింద చేతులు పెట్టి ఈడ్చింది. చిన్నప్పుడు ఆ పిల్లను ఎత్తుకుని ఈ వాకిట్లోంచే ఎన్నిసార్లు తిరిగిందో. అప్పుడు పువ్వంత బరువు లేదు, ఇప్పుడు కదలనంటోంది. ఎట్లా లాగిందో, కదిరమ్మను కూడా లాక్కుని ఎట్లా బయటపడిందో ఆమెకే తెలియదు. ముగ్గురినీ తన అరుగు మీదికి చేర్చేసరికి కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి.

అరుగు మీద జల్లు కొడుతోంది. అంగాళమ్మ బిడ్డ అరికాళ్లు రుద్దుతోంది, వీపు తడుతోంది, నోట్లో నోరు పెట్టి ఊదుతోంది. బిడ్డ గుడ్డబొమ్మలా ఉన్నాడు. అంజినమ్మ నంజమ్మ చెంపల మీద వాననీళ్లు కొడుతూ, బిడ్డ వైపు చూడాలంటే భయపడి, వీధి వైపు చూస్తోంది. వాడు పోతే తను ఈ ఊళ్లో బతకదు. బతకనిచ్చినా బతకదు. నంజమ్మ ముందుగా మూలిగి, ఒక పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. వాడు మాత్రం ఏడవలేదు. అంగాళమ్మ ముసలి చేతులు ఆగాయి, మళ్లీ కదిలాయి. చివరకు, పిల్లిపిల్ల అరిచినట్టు ఒక చిన్న శబ్దం వచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి. ఆ తరువాత వాడు వీధంతా వినపడేలా ఎత్తుకున్నాడు.

అంజినమ్మ అక్కడే తడిలో చతికిలపడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కదిరమ్మకు తెలివి వచ్చేసరికి వాన సన్నబడింది. తల పట్టుకుని లేచి కూర్చుంది. కూతుర్నీ మనవణ్నీ చూసింది. తెరిచి ఉన్న తలుపులోంచి కూలిన ఇటుకలు కనిపిస్తుంటే అటు చూసింది. తరువాత అంజినమ్మ మొహం చూసింది. అంజినమ్మకు మొహం దాచుకోవాలనిపించింది. చట్టి గాలికి దొర్లి గవాక్షి మూతపడిందని చెప్పొచ్చు. పైన ఎవరూ చూడలేదు. కానీ రాయి దొర్లి వచ్చి కూర్చోదు, మట్టి మెత్తుకోదు.

"ఆ చట్టి మూసింది నేనే, కదిరమ్మా," అంది. "బిడ్డ ఆ గదిలో ఉండేది నాకు తెలీదు. నీ కాళ్లు పట్టుకుంటాను."

కదిరమ్మ నీరసంగా, మెల్లగా అంది.

"నాకు తెలుసక్కా. నీ అడుగు నాకు తెలీదా? పైన మడమలు కొట్టుకుంటా పోతావుంటే నంజికి చెప్పినాను, మీ పెద్దమ్మే, మనది గూడా మూసిందే అని. ఇద్దరమూ ఏడ్చినాము."

"మరి కుంపటి? కుంపటి ఉండేది గుర్తు రాలేదా నీకు?"

"వచ్చింది. తీసెయ్యక్కా అని అరుద్దామని నోరు తెరిచినాను గూడా. మూడేండ్లకు ఒకతూరి మూసినావు. వద్దంటే నువ్వేమనుకుంటావో, ఇంక ఎప్పటికీ మూయవేమో అనుకున్నాను. రవ్వసేపు ఉండి కుంపటే బయట పెడదామని లేచినాను. అంతే, కండ్లు తిరిగినాయి."

అంజినమ్మ చెయ్యి పైకి లేచింది, కొట్టడానికే లేచింది. ఆ చేత్తోనే కదిరమ్మ మూతికి అంటిన బూడిద తుడిచింది.

"వద్దని చెప్పింటే రెండు తిట్లు తిట్టేదాన్ని," అంది. "అంతే కదే."

లోపల తెరిచిన గవాక్షిలోంచి వాన ఇంకా కురుస్తూనే ఉంది. దాన్ని మూయడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.