రెండో రోజు సగం ధర

మంచు కరిగి నేల మెత్తబడ్డాక ఎమిల్ హుడాక్ వంటింటి వెనక తలుపు తెరిచి పెరటిని చూశాడు. చూసి తలుపు మళ్ళీ వేసేశాడు. కాఫీ కాచుకుని, తాగి, కప్పు కడిగి బోర్లించాక గానీ రెండోసారి తెరవడానికి ధైర్యం చాలలేదు.

పోయిన ఏడాది ఆ పెరట్లో ఎవరూ కాలు పెట్టలేదు. వేసవి మొదట్లో ఆర్డిత్ మంచం పట్టింది. ఆకులు రాలే రోజుల్లో పోయింది. ఆ నడుమ ఎమిల్‌కు ఆసుపత్రీ, మందుల సీసాలూ, భార్య మంచం పక్కన కుర్చీ తప్ప వేరే లోకం లేదు. ఎవరూ చూడని ఆ నెలల్లో కలుపు తన పని తాను చేసుకుపోయింది. కంచె మీద, బట్టలు ఆరేసే తీగ మీద, వెనక మెట్ల మీద ఎండిన తీగలు అల్లుకుపోయి ఉన్నాయి. ఒహాయోలో ఆ వైపు ముసలివాళ్ళు ఆ కలుపును దయ్యం పేగులంటారు. బాణం మొనలాంటి ఆకులు, నేల లోపల దారాల్లాంటి తెల్లటి వేళ్ళు. ఏది దొరికితే దాన్ని చుట్టుకుని పైకి పాకుతుంది.

కంచె వెంట ఆర్డిత్ పెంచిన పియోనీ పూల మొక్కల వరస ఉంది. పెళ్ళయిన ఏడాది వాళ్ళమ్మ పెరట్లోంచి దుంపలు తవ్వి తెచ్చి నాటుకుంది. మే నెల చివరి సోమవారం ఊరంతా సమాధుల దగ్గరికి పూలు పట్టుకెళ్ళే రోజు. సరిగ్గా ఆ రోజుకి అవి విచ్చుకునేవి. లేత గులాబి రంగు, పళ్ళెమంత పువ్వు. ఒక్కో ఏడు ఎండలు ముందే వస్తే మొగ్గలుండగానే కోసి, పాత పేపర్లో చుట్టి, ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన దాచేది. అమ్మా నాన్నలకు కొన్న పూలు ఆమె ఎన్నడూ పెట్టలేదు. చివరి రోజుల్లో ఎమిల్‌తోనూ అదే అంది.

"నాకు కొట్లో పూలు పెట్టకు. మన పెరట్లోవి పెట్టు. ఆ తీగను మాత్రం వాటి మీదికి రానీకు."

ఇది ఆమె లేని మొదటి మే. ఎమిల్‌కు కావలసినవల్లా ఆ పూలే.

తోటపని ఆర్డిత్‌ది, గడ్డి కోయడం ఎమిల్‌ది. పెళ్ళయిన నాటి నుంచీ పెరటిని అలా పంచుకున్నారు. ఆమె సాయంత్రాలు మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగు పళ్ళ పారతో మట్టిని మెల్లగా లేపి, పాత బట్టకు కుట్టు విప్పుతున్నట్టు ఒక్కొక్క వేరునే చివరిదాకా లాగేది. తెంపకూడదు, తెంపకూడదు అని గొణుక్కోవడం అతను చాలాసార్లు విన్నాడు. ఎందుకు తెంపకూడదో అడగలేదు. ఆ చివర ఆమె, ఈ చివర తను, మధ్యలో గడ్డి యంత్రం రొద. అడగడానికి ముందు చాలా కాలం ఉందనుకున్నాడు.

షెడ్డులో ఆ పార దొరికింది, పిడి నడిమికి విరిగి. ఎమిల్ హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాడు. చవకవాటి పళ్ళు బొటనవేలితో నొక్కితేనే వంగాయి. మంచివాటి ధర చూసి చేతిలోది తిరిగి మేకుకు తగిలించాడు. ఆసుపత్రి వాళ్ళకు నెలనెలా కట్టేది పోగా పింఛనులో మిగిలేది తిండికే సరిపోతోంది.

కంచెకు అవతలి ఇల్లు లియోనా ప్రూయిట్‌ది. ఒకప్పుడు స్కూలు బస్సు నడిపేది. భర్త పోయి చాలాకాలమైంది. మాట కరుకు, చేయి మాత్రం మెత్తన. ఆర్డిత్ చనిపోయిన వారం ఆమె తెచ్చిపెట్టిన బంగాళదుంపల వంటకం గిన్నె ఇంకా ఎమిల్ దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఇవ్వబోయినా మళ్ళీ తీసుకుంటాలే అంటుంది. ఫెరిస్ మాట్ అనే ముసలాయన చలికాలంలో పోయాడనీ, శుక్రవారం, శనివారం ఆ ఇంట్లో సామాన్లు అమ్ముతున్నారనీ, ఆయన దగ్గరున్నలాంటి తోట పనిముట్లు ఊళ్ళో ఎవరికీ లేవనీ ఆమే చెప్పింది.

శుక్రవారం పొద్దున్నే ఎమిల్ వెళ్ళాడు. మాట్ గారి గరాజులో పనిముట్లన్నీ గోడకు ఆనించి, ఒక్కోదానికీ టేపు మీద ధర రాసి అంటించారు. అందులో ఉంది ఆ పార. నాలుగు పళ్ళూ ఒకే ఇనుములోంచి సాగగొట్టినవి. పిడి ముసలాయన అరచేతుల కింద అరిగి నున్నబడింది. పట్టుకుంటే ఎవరో చెయ్యి అందించినట్టుంది. ధర దుకాణంలో దానికంటే తక్కువే, కానీ ఎమిల్ అనుకున్న దానికంటే ఎక్కువ. ఇలాంటి అమ్మకాల్లో రెండో రోజు అన్నీ సగం ధరే. కావలసినదాన్ని మొదటి రోజు ఏ మూలనో దాచిపెట్టి, మర్నాడు తలుపు తెరవకముందే వచ్చి నిలబడటం ఆ ఊళ్ళో చర్చిలో ముందు వరస వాళ్ళు కూడా చేసే పని. ఎమిల్ అటూ ఇటూ చూసి, పారను పాత కిటికీ తలుపుల దొంతర వెనక్కి జరిపాడు. చెవులు వేడెక్కాయి. ఆర్డిత్ ఉంటే నవ్వి చంపేది.

శనివారం అందరికంటే ముందు వెళ్ళాడు. కిటికీ తలుపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి వెనక గోడ మాత్రం ఖాళీ.

దొంతరను ఇటు జరిపి, అటు జరిపి చూశాడు. ముసలాయన కోడలు దగ్గరికొచ్చి ఏం వెతుకుతున్నారని అడిగింది. ఏమీ లేదన్నాడు. ఆమె జాలిపడి, మూలనున్న టిల్లరు చూపించింది. పెట్రోలుతో నడిచే చిన్న యంత్రం. మావయ్య పెరడంతా దీంతోనే దున్నేవాడని చెప్పి తాడు లాగింది. ఒక్క లాగుకే యంత్రం అందుకుంది. దానికీ సగం ధరే. ఎమిల్‌కు తన మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఆర్డిత్‌లా కూర్చుని వేరు వేరూ లాగడం తన వల్ల ఎక్కడవుతుంది? ఉత్త చేతులతో ఇంటికి వెళ్ళాలనీ లేదు. కొన్నాడు.

ఆ మధ్యాహ్నం పెరడంతా దున్నేశాడు. యంత్రం తీగల్నీ వేళ్ళనీ ముక్కముక్కలు చేసి మట్టిలో కలిపేసింది. పియోనీల ఎర్రటి మొలకలకు ఎంత దగ్గరగా పోవచ్చో అంత దగ్గరగా పోయాడు. వెనకాలే ఓ రాబిన్ పిట్ట వానపాముల కోసం గెంతుతూ వచ్చింది. ఎమిల్ ఆగితే ఆగింది, కదిలితే కదిలింది. చాలా నెలల తర్వాత ఎవరో తోడుగా నడిచినట్టనిపించింది. సాయంత్రానికి పెరడు కాఫీపొడి పరిచినట్టు నల్లగా, మెత్తగా ఉంది. ఆర్డిత్ కాలంలో కూడా అంత శుభ్రంగా లేదనుకుని, వెంటనే నొచ్చుకున్నాడు.

చలికాలం దాటాక కొత్త సమాధులు కుంగుతాయి. ఆర్డిత్‌దీ కుంగింది. మర్నాడు ఎమిల్ పెరటి మట్టి బకెట్లకెత్తి కారులో తీసుకెళ్ళి ఆ గుంట నింపాడు. ఆమె మట్టి ఆమె దగ్గరికే చేరిందని తృప్తిపడ్డాడు. చేతులు దులుపుకుంటూ ఆ మాట ఆమెతో పైకే చెప్పాడు.

మే నెల మొదటి వానలు పడ్డాయి. ఒక పొద్దున తలుపు తీస్తే పెరడంతా పచ్చటి బాణాలు. కలుపు ముందు మొలిచిన చోటే కాదు, ఎన్నడూ లేని చోట్ల కూడా, దువ్వెన పళ్ళంత దగ్గర దగ్గరగా మొలిచాయి. వారం తిరిగేసరికి పియోనీ కాడల్ని చుట్టుకున్నాయి. కాడల మీద మొగ్గలు గోళీలంత అయ్యాయి, అక్కడితో ఆగిపోయాయి. ఎమిల్ రోజూ వేలితో నొక్కి చూసేవాడు. రోజురోజుకీ గట్టిపడుతున్నాయి.

లియోనా కంచె మీద చేతులానించి, పెరటిని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"టిల్లరు పెట్టావా?" అంది చివరికి.

"పెట్టాను."

"అయ్యో ఎమిల్. దాన్ని ఎన్ని ముక్కలు చేస్తే అన్ని మొక్కలవుతుందయ్యా. నువ్వు దున్నలేదు, నాట్లేశావు."

"ఆర్డిత్ తెంపకూడదనేది," అన్నాడు. "నేను ఎందుకని అడగలేదు."

లియోనా లోపలికి వెళ్ళి ఒక పార పట్టుకొచ్చింది. నాలుగు పళ్ళు, నున్నటి పిడి. ఎమిల్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. మాట్ గారింట్లో శుక్రవారం మధ్యాహ్నం కొన్నానని చెప్పింది. ఎవడో కిటికీ తలుపుల వెనక దాచాడట.

"అంత జాగ్రత్తగా దాచాడంటే మంచి సరుకే అయ్యుంటుందనుకున్నా," అని అతని మొహం చూసి ఆగిపోయింది. "నువ్వా?"

అతను తలూపాడు. ఆమె నవ్వబోయి మానేసింది. పారను కంచె మీదుగా అందించింది. తనూ ఇటువైపు వచ్చింది. ఇద్దరూ కలిసి ఒక పియోనీ పక్కన నేల లేపారు. దుంప ఒక పక్కంతా యంత్రం పళ్ళకు నరుక్కుపోయి నల్లబడింది. ఉన్న కాస్త దుంపలోనూ తెల్లటి దారాలు ఇటునుంచి అటు దూరి ఉన్నాయి. ఏది పియోనీ వేరో, ఏది తీగ వేరో విడదీయడం ఆమె వల్లా కాలేదు. కనీసం ఒక్క దుంపైనా నీ పెరట్లో నాటుకోమని ఎమిల్ అడిగాడు. లియోనా బూట్ల మట్టిని గడ్డి మీద రుద్దుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"ఆర్డిత్ అడిగినా కాదనేదాన్నయ్యా. దీంతో ఆ తీగ ఒక్క ముక్క వచ్చినా నా పెరడు కూడా పోతుంది. ఏమనుకోకు."

ఏమనుకోవడానికీ లేదు. ఆర్డిత్ కూడా అదే చేసేది.

ఆ చివరి సోమవారం వచ్చింది. మొగ్గల్లో చాలా భాగం గోధుమరంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలాయి. కాస్త ఎరుపు మిగిలిన ఒక్కదాన్ని ఎమిల్ కోసి, సీసాలో నీళ్ళు పోసి పెట్టాడు. లియోనా తన కారులో ఎక్కించుకుంది. వెనక సీట్లో తన భర్త కోసం కొన్న జెరేనియం పూల కుండీ ఉంది. దారిలో ప్రతి కారు కిటికీలోంచీ గులాబి రంగు పియోనీలు తొంగిచూస్తున్నాయి. ఆ ఏడు ఊళ్ళో అందరికీ బాగా పూశాయి.

ఆర్డిత్ సమాధి రాయి దగ్గరికి వెళ్ళి ఎమిల్ ఆగిపోయాడు. తను నింపిన గుంట మీద గడ్డి ఇంకా పూర్తిగా పట్టలేదు. గడ్డి లేనిచోట పచ్చటి బాణాలు లేచి ఉన్నాయి. ఒకటి అప్పుడే రాతిని తడుముకుంటూ ఆమె పేరులో మొదటి అక్షరం దాకా ఎక్కింది.

సీసా కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. వేళ్ళతో మట్టి వదులు చేసి, ఆర్డిత్ చేసినట్టే, తొందరపడకుండా లాగాడు. జానెడు పొడుగు తెల్లటి వేరు వచ్చింది. ఇంకాస్త వచ్చింది. తర్వాత తెగింది. తెగినచోట పాల చుక్క ఊరి వేలికి అంటుకుంది.

లియోనా తన భర్త దగ్గర కుండీ పెట్టి వచ్చి, చూసింది. పార తెస్తానంది. ఇక్కడ తవ్వనివ్వరని ఎమిల్ చెప్పాడు. గేటు దగ్గర బోర్డు మీద ఆ మాట ఇద్దరూ ఎన్నోసార్లు చదివారు.

"నేనే తెచ్చి పెట్టాను, లియోనా. బకెట్లతో."

"తెలుసులే."

"పైపైన తీస్తే మళ్ళీ వస్తుంది కదూ?"

"వస్తుంది," అంది.

ఆమె అబద్ధం చెప్పనందుకు అతనికి కృతజ్ఞతగా అనిపించింది. లియోనా చేతి తొడుగుల్లో ఒకటి తీసి అతని ఒళ్ళో వేసి, రెండోది తను తొడుక్కుని, మూలుగుతూ అవతలి కొసన కూర్చుంది.

"తల వైపు నువ్వు చూడు," అంది. "కాళ్ళ వైపు నేను చూస్తా."

చుట్టూ పిల్లలు, పెద్దలు పూలు సర్దుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళిద్దరూ పీకినవి పీకినట్టు లియోనా తన టోపీలో వేసింది, ఒక్క ముక్క కూడా నేలమీద పడకుండా. సీసాలో మొగ్గ అలాగే ముడుచుకుని ఉంది. ఎమిల్ ఇంకో వేరును పట్టుకుని, మెల్లగా, తెంపకూడదు, తెంపకూడదు అనుకుంటూ లాగాడు. అదీ తెగింది.