సీసాల్లో పొంగు

నేను ఒక స్టీలు పీపాను. వయసు చెప్పుకోను గానీ, మెడ దగ్గర సొట్టలున్నాయి, మూత కింద రబ్బరు వాషరు ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు. పుణె దగ్గర ఓ కార్ఖానాలో నన్ను కూల్‌డ్రింకుల పాకం నింపడానికి తయారుచేశారు. మొదటి కొలువు ఓ సినిమాహాల్లో. ఇంటర్వెల్ కాగానే జనం నా మీదికి తోసుకొచ్చేవాళ్లు. మళ్లీ లైట్లు ఆరితే నేనెవరో వాళ్లకు గుర్తుండేది కాదు. హాలు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు తలుపులతో, కుర్చీలతో పాటు నన్నూ పాతసామాన్లవాడికి తూకానికి వేశారు.

ఆ కొట్లోంచి నన్ను ఏరి తెచ్చుకుంది హిమజ. నిజాంపేటలో మొగుడితో, అత్తగారితో కాపురం. ఇంట్లో బీరు కాచడం ఆమెకు పిచ్చి. పగలంతా ఆఫీసులో ఇష్టంలేని పని చేసి వచ్చి, నా ఒంటిమీద చెయ్యి వేసి చల్లదనం చూసుకుంటే గానీ చెప్పులు విప్పేది కాదు. అత్తగారు సింహాచలమ్మది అనకాపల్లి. ఆవకాయ పెట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. కోడలి వ్యవహారం ఆమెకు బొత్తిగా గిట్టేది కాదు. నన్ను దాటి వెళ్లేటప్పుడల్లా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. నేను మూత బిగించుకుని బుద్ధిగా కూర్చున్నా సరే, ఆవిడకు మాత్రం వాసన వచ్చేది.

ఇలా ఉండగా, సొంతంగా బీరు కాచి అమ్మే ఓ కొత్త పబ్బులో కాచే మనిషి కావాలని హిమజకు తెలిసింది. అడిగితే, "మీ చేతి బీరు ఆరు సీసాలు తెచ్చి చూపించండి" అని ఓ శనివారం సాయంత్రానికి రమ్మన్నారు. నా కడుపులో ఉన్నది అంతకు కాస్త ఎక్కువ, అంతే. మళ్లీ కాచి పులియబెట్టే వ్యవధి లేదు. హిమజ నన్ను ఐసు తొట్టెలో కూర్చోబెట్టి దణ్ణం పెట్టింది. దేవుడికి కూడా అంత భక్తిగా పెట్టి ఉండదు.

ఆ ఉదయం ఓ వింత జరిగింది. సింహాచలమ్మ తనంతట తానే వచ్చి, "సీసాలు నాను కడుగుతాను గానీ, నువ్వు నీ పని సూసుకో" అంది. హిమజ మొహం చాటంత అయింది.

మధ్యాహ్నం నింపడం మొదలుపెట్టారు. సీసాను కొంగుతో పట్టుకున్నది అత్తగారు, గొట్టం పట్టింది హిమజ. మొదటి సీసాలో సగం కూడా బీరు లేదు, అంతా నురగే. మిగతాది గచ్చు మీద పారింది. బీరును బయటికి నెట్టే గ్యాసును హిమజ తగ్గించింది. గొట్టం మార్చి పొడుగుది తగిలించింది. దాని కొస సీసా అడుగుకు ఆనించి మెల్లగా వదిలింది. రెండోదీ అంతే.

"ఏటమ్మా ఇది, పాలు పొంగినట్టు పొంగిపోతంది?" అంది అత్తగారు కంగారుగా.

"ఈ పీపాకే ఏదో మాయరోగం వచ్చింది అత్తయ్యా," అని హిమజ నన్ను ఒక్కటి చరిచింది. మనుషులతో ఇదే చిక్కు. ఏం జరిగినా ముందు నోరులేని వాళ్ల మీద పడతారు. కానీ ఆమె కళ్లలో నీళ్లు చూశాక నాకు కోపం నిలవలేదు. ఇంకొక్క సీసా పాడైతే ఆరుకు సరిపోదు.

మూడో సీసా తనే పట్టుకోబోయి ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇదేంటి అత్తయ్యా, ఇంత కాలుతోంది?"

"మరి? డాబా మీద ఎండలో ఆరబెట్టినాను. ఆవకాయ జాడీకి సేసినట్టే. సుక్క తడి నేదు, సూడు!"

ఆవిడ గొంతులో ఎంత గర్వమో! ఇన్నాళ్లకు అత్త కోడలి పనిలో చెయ్యి వేసింది, ఆ చెయ్యే కొంప ముంచింది. హిమజ ఏమంటుందోనని నాకు గుండె లేకపోయినా దడ పుట్టింది.

హిమజ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "జాడీకైతే అదే పద్ధతి అత్తయ్యా. బీరుకు సీసా చల్లగా ఉండాలి, లోపల తడి ఉండాలి. వేడి తగిలితే బీరులోని గ్యాసంతా పైకి తన్నుకొస్తుంది."

"తడా!" అంది సింహాచలమ్మ. జీవితమంతా జాడీ దరిదాపులకు తడి గరిటెను రానివ్వని మనిషి.  అయినా కాచి చల్లార్చిన నీళ్లలో ఐసు వేయించుకుని, సీసాలు ఒక్కొక్కటే తన చేత్తోనే ముంచింది. ముంచేటప్పుడు మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

అవి బాగా చల్లబడ్డాక గొట్టం పెట్టారు. బీరు చప్పుడు లేకుండా అడుగు నుంచి పైకి లేచింది, మూతి దగ్గర వేలెడు నురగ. ఆరో సీసా మెడ దాకా వచ్చేసరికి నా కడుపులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు హిమజ చేతికింద మనిషెత్తు ట్యాంకులున్నాయి. అయినా నన్ను వదల్లేదు, వంటింటి మూల నా చోటు నాకుంది. మొదటి జీతం అందిన ఆదివారం నాలోంచి గ్లాసు నింపుకుంటుంటే సింహాచలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏదీ, ఓ గుక్క ఇటియ్యి. ఆళ్లకేటి నచ్చిందో నాకూ తెలవాల కదా."

తాగి మొహం వికారంగా పెట్టింది. "ఛీ, సేదు! దీనికేనా ఆళ్లు పిలిసి ఉజ్జోగం ఇచ్చినారు?" అంది.

గ్లాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు.