మాట దాచే పరదా

పొద్దున్నే ఆసుపత్రి తలుపు తెరవగానే నర్సక్క ముందుగా మూలనున్న పరదా దులిపేది. దాని వెనక ఎంత గట్టిగా అన్న మాటైనా ఇవతలికి రాదు. దులిపినప్పుడు నిన్నటి గుసగుసలు నాలుగు నేలన రాలేవి. ఆయా వాటిని ఊడ్చి పారేసేది.

కడుపుతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ నర్సక్క ఆ పరదా వెనక్కి తీసుకెళ్ళి అడిగేది. "నెల తప్పాక బీరు, వైను, ఏదైనా పుచ్చుకున్నావా తల్లీ? తిట్టడానికి కాదు, బిడ్డ కోసం."

ఒక రోజు జనం ఎక్కువ. తొందరలో బరువు చూస్తూ చూస్తూనే, కడుపుతో వచ్చిన, దర్జీ పనిచేసే ఒక పిల్లని అత్తగారి ముందే ఆ మాట అడిగేసింది.

"ఛీఛీ! మా ఇంటా వంటా లేదు," అంది అత్త. పిల్ల తలూపింది గానీ కళ్ళు చెప్పుల మీదే ఉన్నాయి.

నర్సక్క నాలుక కరుచుకుంది. అంతలో పరదా దానంతటదే కడ్డీ మీద జరుగుతూ వచ్చింది.

"కాళ్ళు తీయండి పెద్దమ్మా, దానికి దారివ్వండి," అంది ఆయా.

పరదా పిల్లనీ నర్సక్కనీ లోపలేసుకుంది. అప్పుడు పిల్ల నోరు విప్పింది.

"పడుకోబోయే ముందు అత్తయ్యే చిన్న గ్లాసుడు తియ్య వైను ఇస్తుందక్కా. రక్తం పడుతుందంట. ప్రేమగానే ఇస్తుంది, ఎలా వద్దనను? బిడ్డకేమన్నా అవుతుందా?"

"గుక్కెడు కూడా వద్దమ్మా. ఎప్పుడు ఆపినా మేలే, ఈరోజే ఆపెయ్. డాక్టరమ్మకి చెప్తాను, ఆవిడ చూస్తారు."

"మరి నేను చెప్పానని అత్తయ్యకి తెలిస్తే?"

"నా నోట రాదులే."

పిల్ల బయటికి రాగానే పరదా అత్త నడుము చుట్టేసి లోపలికి లాగింది.

"ఓసి దీని దుంపతెగ!"

"ఇందులోకొస్తే ఎవరినైనా అడగాల్సిందే," అంది నర్సక్క. "మీరు కడుపుతో ఉన్నప్పుడు తాగారా?"

అత్త పకపకా నవ్వింది. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది.

"మా అత్త పోసేది. కడుపులో తిప్పేసేది. వద్దనే ధైర్యం ఉండేది కాదు నాకు." తన మాట తనకే వినపడి ఉలిక్కిపడింది. "అయ్యో! ఇప్పుడు నేనూ అదే చేస్తున్నానా?"

"అప్పుడు మీకు చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు నేను చెప్తున్నాగా. చుక్క కూడా మంచిది కాదు."

అత్త బయటికొచ్చి కోడలి చేతిలో సంచి లాక్కుంది. "ఇకనుంచి పడుకునే ముందు పాలే. ఆ సీసా పారబోస్తా."

"ఎందుకత్తయ్యా?" అంది పిల్ల, ఏమీ ఎరగనట్టు.

"నీకెందుకే, పెద్దదాన్ని చెప్తున్నా!"

కొన్ని నెలలకి ఇద్దరూ పాపని సూదికి తీసుకొచ్చారు. పరదా వేశారు. సూది పడగానే పాప కెవ్వుమంది. బెంచీ మీదున్న వాళ్ళందరూ ఉలిక్కిపడి, నవ్వారు.

ఆ ఏడుపుని దాచుకుందామని పరదా చూడనే లేదు. మెల్లగా పక్కకి జరిగి దారిచ్చింది.