వెనకవైపు మొక్కజొన్న రొట్టె

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం. ఆ సాయంత్రం చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె తిన్నారని డోరీన్‌కు బాగా గుర్తు. యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది ఆ రోజే.

స్పొకేన్‌లో ఆరేళ్లు సాయంత్రం క్లాసులకు వెళ్లి ఆమె తొంభై క్రెడిట్లు కూడబెట్టింది. భర్త వాల్ట్‌కు రైల్వేలో బదిలీ అయి రాష్ట్రం దాటి మొంటానాకు వచ్చాక, ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టింది. అక్కడివి మూడు నెలల టర్ములు, ఇక్కడివి సెమిస్టర్లు. కనుక తొంభై కాస్తా అరవై అవుతాయని ముందే తెలుసు. తెలియనిది ఉత్తరంలో ఆ కింది వరుస. అరవైలో నలభై రెండు ‘ఐచ్ఛికం’ అన్నారు. శరీర నిర్మాణ శాస్త్రం కూడా అందులోనే పడింది. అది నర్సింగ్ కిందకు రాకపోతే జనవరిలో సీటు లేదు.

"ఇంతకీ తీసుకున్నారా, లేదా?" వాల్ట్ రొట్టె విరుస్తూ అడిగాడు.

"తీసుకున్నారు. కానీ దేనికిందా లెక్కపెట్టరు."

"పోలేదుగా మరి. ఆ మొహం దేనికి?" అని, ఒక ముక్క నమిలి, "అమ్మ చేసినంత మెత్తగా రాలేదివాళ" అన్నాడు.

తీసుకున్నారు, దేనికిందా లెక్కపెట్టరు. గిన్నెలు కడుగుతుంటే ఆ మాట ఆమెను వదల్లేదు. అత్తగారు ఎడ్నాకు పక్షవాతం వచ్చిన నాలుగేళ్లూ ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, తినిపించింది, వీపున పుండు పడకుండా కాచింది డోరీనే. "క్లాసులకెళ్తావు, దుప్పటి మూల మడవడం రాదే నీకు" అనేది ఎడ్నా, వంకర తిరిగిన నోటితోనే. అంత్యక్రియల నాడు వచ్చినవాళ్లతో వాల్ట్, "ఆఖరిదాకా మేమే చూసుకున్నాం" అన్నాడు. ఆ ‘మేము’లో తానెక్కడుందో డోరీన్ ఆ రోజంతా కాఫీ పోస్తూ వెతుక్కుంది. ఈ కొత్త ఊళ్లో ఆ సంగతి చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు.

శరీర నిర్మాణ శాస్త్రం కోర్సు పాఠ్యప్రణాళిక అసలు కాగితం శుక్రవారంలోగా తెస్తే కమిటీ మళ్లీ చూస్తుందని ఉత్తరంలో ఉంది. ఆ కాగితం ఆమె దగ్గర ఉంది, వంటకాల రేకు డబ్బాలో. ఒకనాటి సాయంత్రం ఎడ్నా మొక్కజొన్న రొట్టె కొలతలు చెబుతుంటే చేతికందిన కాగితం వెనకవైపు రాసుకుంది. ఇన్నేళ్లూ దాచుకున్నది వెనకవైపు కోసమే.

ఆఫీసులో కాగితాలు తీసుకునే మిసెస్ ఇబారా ముందువైపు చదివి, తిప్పి, కళ్లద్దాలు సవరించుకుంది.

"ఇందులో చక్కెర వెయ్యరా?"

"మా అత్తగారు ఒప్పుకునేది కాదండీ."

"గట్టి మనిషే." ఆమె ముందువైపు ముద్ర వేసి, వెన్న మరకను వేలితో తడిమింది. "కమిటీ తేల్చేదాకా అసలు కాగితం మా దగ్గరే ఉండాలి తల్లీ. వెనకది నకలు తీసిచ్చే రూలేం లేదు, కానీ తీసిస్తాలే. ఒక్క నిమిషం."

ఇన్ని నెలల్లో డోరీన్ కోసం ఒక్క నిమిషం ఖర్చుపెడతానన్నవాళ్లు ఎవరూ లేరు. ఆమె కాగితాన్ని మిసెస్ ఇబారా వైపే జరిపింది.

"వద్దండీ. ఉండనివ్వండి."

శుక్రవారం రాత్రి చిక్కుడు గింజల కూర పక్కన కొన్న బ్రెడ్డు ఉంది.

"రొట్టేదీ?" అన్నాడు వాల్ట్.

"ఆ కాగితం యూనివర్సిటీలో ఇచ్చేశాను."

"కాగితమెందుకు? ఇన్నేళ్లుగా చేస్తున్నావ్, నీకు నోటికొచ్చుగా."

"వచ్చు." డోరీన్ తన పళ్లెం ఒక్కటే కడిగి బోర్లించింది. "చేతికొచ్చినా నోటికొచ్చినా లెక్కలోకి రాదట వాల్ట్. కాగితం ఉండాలట."

బట్టలు ఉతికే గదిలో, మిషను పక్కన, ఆమె ముందే మడత బల్ల వేసి ఉంచుకుంది. దాని మీద ఎముకల బొమ్మల పాత పుస్తకం ఉంది. వెనక వంటింట్లో వాల్ట్ ఏ అరలో ఏముందో తెలియక తలుపులు తెరుస్తున్నాడు. ఆమె ఆ గదిలోకి వెళ్లి, ఆ రాత్రికి తన తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది.