గోడకి బిగించినవి

పొద్దున్నే కోడలు అత్తగారికి టీ ఇచ్చి, కుట్టుమిషన్ ముందు కూర్చునేది. అత్తగారు గోడకి ఆనుకుని చొక్కాలకి గుండీలు కుట్టేది. ఏళ్ల తరబడి అలా ఆనుకోగా ఆనుకోగా ఆవిడ వీపు గోడలో కలిసిపోయింది. మెడ తిరుగుతుంది, చేతులు ఆడతాయి, ఇక నోరంటారా, దానికేం లోటు లేదు! పక్కింటావిడ వచ్చి "ఎండాకాలం చల్లగా ఉంటుందిలే పిన్నీ నీకు" అని పోయేది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఇల్లు అద్దెది.

"అగ్రిమెంటు అయిపోవస్తోంది. ఈసారి రాయడం లేదు బాబూ, ముందే చెబుతున్నాను" అన్నాడు ఓనరు. కొడుకు వ్యాన్ డ్రైవరు. సరేనని తలూపి వేరే ఇల్లు వెతుక్కున్నాడు. సామానంతా కట్టాక, అమ్మ చుట్టూ గోడ చెక్కించడానికి మేస్త్రీని పిలిచాడు.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "అదేంటయ్యా! గోడకి బిగించినవేవైనా ఇంటివే, ఖాళీ చేసేప్పుడు పీకకూడదని రాసుకున్నాంగా?"

"అది ఫ్యాన్లకీ అల్మరాలకీ సార్! ఈవిడ మా అమ్మ!"

"మీ అమ్మ కాదన్నానా? గోడ నాది. మేకు కొట్టాలన్నా నన్నడగాలి. ఆవిడ అతుక్కుంటున్నప్పుడు ఒక్క మాట చెప్పారా?"

చెప్పలేదు. చీపురు తగిలించే కొక్కేనికి రెండుసార్లు పర్మిషన్ అడిగిన మనిషికి, కన్నతల్లి గోడలో కలుస్తుంటే అడగాలని తోచలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది, మీరే చెప్పండి! లాయరు దగ్గరికెళితే ఆయనా కాగితం చదివి, ఓనరుదే న్యాయం అన్నాడు. మేస్త్రీ ఉలి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఖాళీ చేసే రోజు కోడలు అత్తగారి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. "మిమ్మల్నొదిలి ఎలా వెళ్లను అత్తయ్యా?"

"ఏడిస్తే గోడ ఊడొస్తుందా పిచ్చిదానా? లే, మొహం కడుక్కో" అంది ఆవిడ.

ఇంతలో కొత్తగా అద్దెకొచ్చేవాళ్లు దిగారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగస్తులు, చంకలో చంటిపిల్ల. ఆ అమ్మాయి వంటగది చూసింది, కుళాయి తిప్పి చూసింది, గోడ దగ్గర ఆగింది.

"ఈ పెద్దావిడ?"

"ఇంటితోనే వస్తుందమ్మా. అద్దె కాస్త ఎక్కువ చెప్పింది అందుకే" అన్నాడు ఓనరు.

"హమ్మయ్య, పిల్లని ఎవరికప్పగించాలా అని చస్తున్నాం!" అంటూ ఆ అమ్మాయి ఏడుస్తున్న పిల్లని ఆవిడ ఒళ్లో పడుకోబెట్టింది. పెద్దావిడ తన కొడుకు వంక ఒకసారి చూసింది. పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు ఊరుకుంటాయా? జోకొట్టడం మొదలుపెట్టాయి.

కొడుకు చెప్పులేసుకున్నాడు, విప్పాడు, మళ్లీ వేసుకున్నాడు.

"ఆదివారం వస్తానమ్మా."

"వచ్చేముందు వీళ్లనడిగి రా నాయనా" అంది తల్లి, పిల్ల లేవకుండా గొంతు తగ్గించి. "ఇప్పుడిది వీళ్లిల్లు."