చిన్నవాడికి సరిపోయేవి

ఈ ఉదయం నా నీడ నాకు పొట్టిగా ఉంది. మోకాళ్ల దగ్గరే ఆగిపోతోంది. పదకొండేళ్ల కిందట పోయిన మా అమ్మ వసారాలో కూర్చుని దాన్ని మడత పెడుతోంది.

"చిన్నోడికి సరిపోద్దిలే" అంటుంది.

మా ఇంట్లో పద్ధతి అది. నాకు బిగుతైన ప్రతిదీ తమ్ముడు అంకయ్యకు వెళ్తుంది. చొక్కాలు, నిక్కర్లు, చెప్పులు. అందుకే చిన్నప్పుడు, ఇచ్చే ముందురోజు, నిక్కర్లను బ్లేడుతో కోసేవాణ్ణి. అమ్మ వాటికి మాసిక వేసి వాడికి తొడిగేది. వాడు ఆ మాసికల్ని బడంతా చూపించుకుని తిరిగేవాడు.

అంకయ్య గుమ్మంలో ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు వాడికి. నా నీడ తొడుక్కుని అటూ ఇటూ తిరిగి చూసుకుంటాడు.

"కాస్త వదులుగా ఉందే అమ్మా."

"ఎదుగుతావులేరా."

మధ్యాహ్నానికి నా గొంతు కూడా నాకు బిగుతవుతుంది. అమ్మ దాన్ని విప్పి, దులిపి, వాడికి ఇస్తుంది. వాడు నా గొంతుతో దగ్గుతాడు. నాకు చిన్నప్పటి గొంతు మిగులుతుంది.

తర్వాత అమ్మ నా ఛాతీ చుట్టూ దారం వేసి కొలుస్తుంది. ఎడమ పక్కన ఆపుతుంది.

"తిరపతమ్మ కూడా బిగుతైందిరా ఇక్కడ."

తిరపతమ్మ నా భార్య. పోయి మూడేళ్లు. నాకంటూ ఉన్నది ఆమె ఒక్కతే, అదీ లోపలే.

"బిగుతుగానే ఉండనీ" అంటాను.

"ఊపిరాడట్లా నీకు. అన్నం తినొచ్చి తీస్తా."

"వదిన గదమ్మా" అంటాడు అంకయ్య, సిగ్గుపడుతూ. "అయినా నువ్విస్తే నేను కాదంటానా?"

వాడు ఏదీ అడగడు. నాకు భయం అందుకే.

వాళ్లు అన్నానికి కూర్చోగానే బ్లేడు తీస్తాను. తిరపతమ్మ నవ్వును అడ్డంగా కోస్తాను. పెళ్లినాటి చీర మీద జబ్బు వాసన పోస్తాను. నేను కొట్టిన చెంపదెబ్బను అడుగునుంచి తీసి పైకి పెడతాను. ఆఖరి వారంలో ఆమె నీళ్లడిగితే విననట్టు పడుకున్న సంగతిని కూడా లాగి బయట వేస్తాను. ఇక ఎవడికీ పనికిరాదు.

అమ్మ చేయి తుడుచుకుని వచ్చి, ఆమెను వెలుతురుకు పట్టి చూస్తుంది.

"మళ్లీ కోశావా పెద్దోడా?"

"ఆమె అట్లాగే ఉండేది."

"ఉండేదిలే" అని సూదిలో దారం ఎక్కిస్తుంది. నవ్వు మీద మాసిక వేస్తుంది. చెంపదెబ్బను లోపలికి మడిచి కుడుతుంది. నీళ్ల సంగతి కనపడకుండా అంచు తిప్పుతుంది. దారం కొరికేసరికి తిరపతమ్మ లేచి నిలబడుతుంది. నాతో బతికిన ముప్పై ఏళ్లలో ఎన్నడూ ఇంత బాగా లేదు.

"తిరపతా" అంటాను. ఆమె ఎన్నడూ వినని గొంతు అది.

ఆమె అంకయ్య పక్కకు వెళ్లి నిలబడుతుంది. నా వైపు చూస్తుంది.

"ఏమయ్యా, ఈ కుర్చీలో వేసిందెవరిది?"

"మా అన్నది. పారెయ్యమాక" అంటాడు వాడు నా గొంతుతో.

"పారేస్తానా? ఒకసారి జాడిస్తే ఎవరికన్నా పనికొస్తది."

ఆమె నన్ను భుజాల దగ్గర పట్టి ఎత్తుతుంది. నీళ్లలో ముంచుతుంది. పిండుతుంది. ఆ చేతులు ఆమెవే. దండెం మీద తలకిందులుగా వేసి రెండు క్లిప్పులు పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది.

దండెం మా పెరటితో ఆగదు. వీధి మీదుగా, మిరపచేల మీదుగా కొండ దాకా పోతుంది. దాని పొడుగునా ఊళ్లో అన్నలందరూ వేలాడుతున్నారు. జేబులు బయటికి తిరిగి ఉన్నాయి. వేళ్ల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరూ ఎవరినీ పలకరించరు.

పొద్దు వాలదు. ఎండ పెరుగుతుంది.

కింద అమ్మలు బుట్టలు పట్టుకుని నడుస్తున్నారు. ఒక్కొక్కడి మణికట్టు నొక్కి చూసి, ఇంకా తడిగా ఉంటే వదిలి, పక్కవాడి దగ్గరికి వెళ్తున్నారు.

నా పక్కవాడు ఆరాడు. క్లిప్పు తీస్తున్నారు.