నమ్మకండి అన్న పోస్టు

పిన్ని పాలకొట్టు మూతపడి ఏడు నెలలైంది. క్యాన్లు సబ్బుతో కడుగుతుండగా ఎవరో వీడియో తీసి, పాలలో సబ్బుపొడి కలుపుతున్నారని రాసి పెట్టారు. పరీక్షలో పాలు మంచివేనని తేలినా, "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అంటూ జనం రావడం మానేశారు. ఇప్పుడామె ఒక బట్టల కొట్లో గుండీలు కుడుతోంది.

ఆమె అక్క కూతురు పరిశోధకురాలు. పుకార్లు ఎలా పాకుతాయో కృత్రిమ మేధతో తెలుసుకోవడం ఆ అమ్మాయి పని. లక్షల పోస్టులు చదివి, ఏ మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో ఆ ప్రోగ్రాం గీతలు గీసి చూపిస్తుంది. పిన్ని కొంప ముంచినవాళ్లను పట్టుకోవాలని ఈ పుకారునూ అందులో వేసింది.

మొదటి పోస్టును చూసింది ముప్పై ఒక్కమందే. రెండు రోజుల్లో అది చల్లారిపోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక్కసారిగా వేలమందికి పాకింది. ఆ గీతలన్నీ మొదలైన చోట ఉన్నది తన ఖాతాయే! ఆ రోజు పిన్నిని కాపాడాలని తానే "ఇది పచ్చి అబద్ధం, నమ్మకండి" అని రాసి, కింద ఆ వీడియోనే జత చేసింది. జనం ఆమె మాటలు వదిలేసి వీడియో మాత్రం పంచుకున్నారు.

తప్పు లెక్కేమోనని మూడుసార్లు చూసుకుంది. ప్రతిసారీ అదే తేలింది.

"నా పరిశోధన వ్యాసంలోంచి ఈ ఉదాహరణ తీసేయమంటారా సార్?" అని తన పనిని పర్యవేక్షించే పెద్దాయనను అడిగింది.

"తీసేసినా వ్యాసానికి లోటేం రాదు. నీ ఇష్టమమ్మా."

సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిన్ని సూది పక్కన పెట్టింది.

"మూడో రోజు పొద్దున కూడా పాలన్నీ అమ్ముడుపోయాయే. అప్పటికి ఎవరికీ ఏమీ తెలీదు. నన్నొక్క మాట అడిగుంటే ఊరుకోమనేదాన్ని కదా!"

"మంచి చేద్దామనుకున్నాను పిన్నీ."

"తెలుసు. అందుకే తిట్టడానికి నోరు రావట్లేదు. కొన్నాళ్లు నాకు కనపడకు."

అమ్మాయి ఆ ఉదాహరణను వ్యాసంలో ఉంచింది. కొట్టు పేరు తీసేసి, ఆ పోస్టు పెట్టింది తానేనని రాసింది.

పదకొండో రోజు పిన్ని ఫోన్ చేసింది.

"నీ వ్యాసంలో నా పేరు వేశావా?"

"లేదు. నా పేరే వేశాను."



"కోపం ఇంకా పోలేదు. అయినా ఆదివారం రా."